అంచులు కత్తిరించిన పెళ్లి వీడియో

ఏమండీ, కంప్యూటర్ ఆపకండి. మన పెళ్లి డీవీడీని మళ్లీ మొదటినుంచి ఫోన్ సైజుకి మారుస్తున్నాను. నాలుగింటికి పూర్తవుతుంది. అంతవరకు మౌస్ కూడా ముట్టుకోవద్దు, మీ పనితనం నాకు తెలుసు.

మొన్నామధ్య మీరు మార్చి చుట్టాలందరికీ పంపిన వీడియోలో విందు దగ్గర మా అన్నయ్య మీ చిన్నాన్న ముక్కు పగలగొట్టడం, చొక్కా నిండా రక్తం, గాల్లో కుర్చీలు, అన్నీ ఉన్నాయి. అది చూసే కదా, ఆ రోజు విందు దగ్గర లేని మామయ్యగారు, "ఆ రౌడీ వెధవ మన గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతా" అన్నారు! "ముందు కొట్టింది ఆ చిన్నాన్నగారే చెల్లీ" అని అన్నయ్య మొత్తుకున్నా నేనూ నమ్మలేదు. పది రోజులు మాట్లాడలేదు.

పొద్దున అసలు డీవీడీ చూశాను. ఫోన్‌లో తెర నిండా రావాలని మీరు రెండు అంచులూ కత్తిరించేశారు. ఆ ఎడమ అంచులోనే, అన్నయ్య చెయ్యెత్తకముందే, చిన్నాన్నగారు అన్నయ్య మెడ పట్టుకుని, తలని రెండుసార్లు గోడకేసి కొట్టారు. మీ వీడియోలోనూ ఆ చప్పుడు ఉంది, ఏమిటో అర్థం కాలేదంతే.

అన్నయ్యని తీసుకురావడానికి వెళ్తున్నాను. ఐదింటికి మామయ్యగారిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. కాళ్లు విరగ్గొట్టే ముందు ఒక్కసారి చూడమనండి.

మరిచిపోయా: కుడి అంచున మీరు నాకు అడ్డంగా నిలబడి ఉన్నారు. నేను భయంతో కళ్లు మూసుకున్నప్పుడు గాల్లో వచ్చిన ఒక కుర్చీ తగిలింది మీ వీపుకే! ఒక్కమాట చెప్పలేదేం? ఆ ముక్క నాలుగుసార్లు చూశాను.