హర్షగాడికి సరిపోయే తాబేలు చిప్ప

శనివారం రాత్రి, మదీనాగూడ

మా ఆఫీసు బ్యాండులో హర్షగాడు గిటార్ వాయిస్తాడనడం గిటార్‌కే అవమానం. ఎడమచేతి వాటం తప్ప వాడిలో ప్రత్యేకతంటూ ఏదీ లేదు. నా గిటార్ చూసి, అదే మోడల్‌లో ఎడమచేతివాళ్లది తెప్పించుకున్నాడు. సొంత అభిరుచి ఉంటే కదా!

నిన్న గచ్చిబౌలిలో ప్రాక్టీసప్పుడు, తీగల కింద ఉండే తెల్ల ప్లాస్టిక్ పలక, అదే పిక్‌గార్డ్, తీసేసి తాబేలు చిప్ప రంగుల్లో ఒకటి చేసుకుంటున్నానని నోరు జారాను.

"ఏందన్నా, నాకు గూడ ఒకటి చేసియ్యరాదే?"

"ఇది చేత్తో చేసే పని హర్షా, కాపీ పేస్ట్ కాదు."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, సిగ్గులేని వెధవ.

ఇవాళ బాలానగర్‌లో తెచ్చిన గాజులాంటి అక్రిలిక్ షీటు మీద పాతదాన్ని పెట్టి, గీసి, కోసి, స్క్రూలకి రంధ్రాలు పెట్టాను. మెరూన్ మచ్చలు వేసి, వాటి మీద తేనె రంగు పూశాను. ఆరాక తిప్పి చూస్తే నిగనిగలాడుతోంది, అచ్చం తాబేలు చిప్పే! హర్షగాడి మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూ గిటార్ మీద పెట్టాను.

ఒక్క స్క్రూ రంధ్రం కూడా కలవలేదు.

అలాంటి షీటుకి రంగు వెనకవైపు వెయ్యాలి, ముందునుంచి చూస్తే గాజులోంచి కనబడుతుంది. నేను ముందువైపు వేశాను. తిప్పేసరికి ఆకారమూ తిరగబడింది, కుడిచేతిది కాస్తా ఎడమచేతిదైంది.

ఇది సరిగ్గా అమరే గిటార్ నాకు తెలిసి ఈ ఊళ్లో ఒక్కటే ఉంది. ఇస్తే ఆ వెధవ సంతోషంగా తీసుకుంటాడు కూడా.