నడిమి బెజ్జం

అన్నా,

నా రాతలో తప్పులుంటే, అక్షరాలు వంకరపోతే మన్నించు. మీ బావ పని కంటే ఇవే నయం.

శరణప్ప పటేలుకు చేస్తున్న విత్తే గొర్రు దాదాపు అయిపోయింది. ఈయన కొలతకర్ర పక్కనపెట్టి జానతో కొలిచి, పల్లు దిగే నడిమి బెజ్జం రెండు వేళ్లు పక్కకు తొలిచాడు. ఇప్పుడందులోనే పల్లు దిగ్గొట్టి, సందుల్లో రంపపుపొట్టు, తుమ్మజిగురు కూరి, “మట్టిల పోయినంక ఎవడు చూస్తడే?” అంటున్నాడు. సాళ్లు ఇరుకైతే, కలుపు తీయడానికి గుంటక తోలినప్పుడు జొన్నమొక్కలే లేచిపోతాయని ఈ పనిమంతుడికి తట్టలేదు. ఆ తర్వాత ఊళ్లో మాకు పనిచ్చేవారుండరు. నేను చెబితే, “పొయ్యికాడ చూపియ్యి నీ కొలతలు” అన్నాడు.

మిరుగు కార్తెలో విత్తనాలు వేసేలోపు చుట్టంచూపుగా రా. ముందు ఆయన్ను మెచ్చుకో, లేకుంటే ఉలి నీ చేతికివ్వడు. ఆ తప్పు బెజ్జంలో బిగించే తుమ్మచెక్కను నేనే చెక్కి జొన్నలగంపలో దాచాను. నువ్వే తెచ్చినట్టు చెప్పి బిగించి, కొలతకర్రతో కొలిచి కొత్త బెజ్జం తొలువు. ఆడదాని చేతిదని తెలిస్తే గొర్రునే తగలబెడతాడు. నువ్వు ముందు ఈ ఉత్తరం తగలబెట్టు.

నీ చెల్లెలు