మింటా, ఉబుంటా?

భోపాల్‌పట్నం,
మార్చి 3

చెల్లి సారలమ్మకు అక్క ముత్తమ్మ రాయునది.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మరిది దగ్గు తగ్గిందా? మీ సునీతకు నెలలు నిండుతున్నాయి, రక్తం తక్కువన్నారు, ఆకుకూర తింటోందా? గేదె మేత మేస్తోందా? నాకు మాత్రం కంటిమీద కునుకు లేదు. ఫోన్లో చెబితే కోడలు వింటుందని రాస్తున్నాను.

నిరుడు మన రాజశేఖర్ జ్వరంతో పోయాక వాడి దుకాణం కోడలు ఉదయశ్రీ నడుపుతోంది. ఫారాలు నింపడం, ప్రింట్లు తీయడం, అదే మా కూడు. వాడి కంప్యూటరు ముసలిదైపోయింది. ఒక్క ఫారం తెరుచుకునేలోపు జనం లేచి పక్క దుకాణానికి పోతున్నారు. గీదం నుంచి అవినాష్ అని మెకానిక్ వచ్చి, లోపలి సిస్టం మార్చి లినక్స్ వేయాలన్నాడు. అందులోనూ రకాలంట.

"మింట్ తేలిక. ఈ పాత డబ్బాల గూడ ఉరుకుతది" అన్నాడు.

"నా ప్రింటర్ సంగతేంది?" అంది కోడలు.

"ఉబుంటు అయితే ప్రింటర్‌ను జల్ది పట్టుకుంటది. గానీ బరువు, తిండెక్కువ."

"నీ లెక్కనేనా తమ్మీ?" అని నవ్వింది. రాజశేఖర్ పోయాక అది నవ్వడం అదే మొదలు.

కానీ ఏది వేసినా పాతదంతా తుడిచే వేయాలంట. ఇప్పపూలు ఏరే ముందు చెట్టు కింద ఆకులన్నీ తగలబెట్టి నేల నున్నగా చేస్తాం కదా, అలాగన్నమాట. వాడు పాడి దాచుకున్న పాటలు అందులోనే ఉన్నాయి చెల్లీ. కాల్చిన నేలలో వాడి గొంతు ఎక్కడ వెతకను? అందుకే కంప్యూటరు వైరు పీకి బియ్యం డబ్బాలో దాచాను. దుకాణం మూతబడింది. బజారులో దొరికే వైరే, అయినా కోడలు కొనలేదు, నన్ను ఒక్క మాట అడగలేదు. అదే నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పకు.

నీ అక్క,
ముత్తమ్మ

భోపాల్‌పట్నం,
మార్చి 14

చెల్లీ,

అవినాష్ మళ్లీ వచ్చాడు. కోడలు తిన్నగా బియ్యం డబ్బా తెరిచి, వైరు దులిపి అతని చేతికిచ్చింది.

"వంట చేసేది నేనే గదా అత్తమ్మా. మొదటి రోజే చూసిన."

"మరి తియ్యలేదేందే?"

"నాకు మాత్రం తుడవబుద్ధయితదా?"

అవినాష్ తల పట్టుకున్నాడు. "ముందు పాటలన్నీ తీసి పక్కన పెడుతనమ్మా. అడిగితే చెప్పకపోదునా?"

ఏదీ చెరగకుండా రెండు సిస్టాలనూ పెన్‌డ్రైవు మీదే నడిపి చూపించాడు. ఉబుంటు ప్రింటర్‌ను వెంటనే పట్టుకుంది గానీ, కాగితం బయటికొచ్చేలోపు నా టీ చల్లారింది. మింట్ చకచకా తెరుచుకుంది. ప్రింటర్ కోసం మాత్రం అతను చాలాసేపు కుస్తీ పట్టాడు. చివరికి అదీ పలికింది. మింటే ఖాయం చేశాం.

పాటలు మాత్రం రాలేదు. లోపలి డిస్కు ఎప్పుడో పాడైందంట. నేను దాచినా దాచకపోయినా పోయినవే. ఒక్కటే తెరుచుకుంది, అదీ పాట కాదు. "అమ్మా, కరెంటొచ్చిందా?" అన్నాడు మన రాజశేఖర్, అంతే. మైకు పరీక్షించుకున్నాడేమో. నేను "వచ్చింది నాయనా" అనేశాను. కోడలు వెళ్లి దుకాణం షట్టర్ ఎత్తింది.

అవినాష్ కొత్త డిస్కు వేశాడు. ఇప్పుడు జనం మళ్లీ వస్తున్నారు. రాజశేఖర్ మాట కోడలి ఫోన్లోకి ఎక్కించాడు. సునీత కాన్పు ఎలా అవుతుందోనని ఒక దిగులు, దారిలో ఆ ఫోను పోతుందేమోనని ఇంకో దిగులు. అయినా వాణ్ణి నీకు వినిపించాలి. పూల ఏరుడు అయ్యాక ఇద్దరం మీ వాజేడు వస్తాం, ఏప్రిల్ పన్నెండు, ఆదివారం.

నీ అక్క,
ముత్తమ్మ