మెరక మీద కెస్ట్రా

మేడిలంక,
బుధవారం.

శ్యామ్ బాబు గారికి,

రిటైర్డు హెడ్మాస్టరు దేవదానం వందనాలతో రాయునది. ఇక్కడ మేమూ, మీ కారూ పొడిగానే ఉన్నాం. అక్కడ మీరూ, మీ షోరూమూ అలాగే ఉన్నారని తలుస్తాను.

సోమవారం ఉదయం తమరు టెస్టుడ్రైవు కోసం మీ సేల్స్ బాబ్జీ చేత కెస్ట్రా కారు పంపేరు. నేను ఫోన్లో "గంటలో పంపేస్తానండి" అంటే, "అయ్యో, తొందరేముంది మాస్టారూ, మన కారే అనుకోండి, నిదానంగా చూసుకోండి" అన్నారు. ఆ సాయంత్రమే గోదారి కాజ్‌వే మీదకి ఎక్కేసింది. ఇప్పుడు లంకకి దారి లేదు, కరెంటు లేదు, సెల్ టవరూ పోయింది. అందుకని ఈ ఉత్తరం పాల క్యాన్ల పడవ నడిపే అయ్యప్ప చేతికిస్తున్నాను.

ఒకే తరగతి పిల్లలకి వేర్వేరు రోజుల్లో పరీక్ష పెడితే న్యాయం జరగదు. అందుకే అదే రోజు డెనిమో కారు కూడా రప్పించేను. ఆ కంపెనీ మనిషి కారు అప్పజెప్పి, టీ తాగొస్తానని ఆటో ఎక్కి అవతలికి వెళ్ళేడు. ఇంకా తాగుతూనే ఉండి ఉంటాడు. రెండు కార్లూ ఊళ్ళోకెల్లా మెరకైన చోట, చర్చి ఆవరణలో పెట్టించేను. బాబ్జీ మా ఇంట్లోనే ఉన్నాడు. పులుసు రెండోసారి అడిగి వేయించుకుంటున్నాడు కాబట్టి బెంగ పడక్కర్లేదు.

మా ఆవిడ కృపావతికి షుగరు. అమలాపురం ఆసుపత్రికి ఆటోలో వెళ్ళొస్తే నడుం పట్టేస్తోంది. అందుకే కారు. కొనేది ఒక్కటే కాబట్టి రెండిటికీ నూటికి ఇన్నని మార్కులు వేసి, ఎక్కువొచ్చినది తీసుకుంటాను.

ఇట్లు,
మీ మేలు కోరే
దేవదానం

తా.క.: మీ కారులో మాట్లాడితే బదులు చెప్పే ఆవిడ ఉంది కదా. "కాస్త ఏసీ తగ్గించమ్మా" అని మా ఆవిడ మర్యాదగానే అడిగింది. "మీకు దగ్గరలో పెట్రోలు బంకు లేదు" అందావిడ. అది నిజమే కాబట్టి ఒక మార్కు వేసేను.

*

అమలాపురం,
గురువారం.

గౌరవనీయులైన దేవదానం మాస్టారికి,

కెస్ట్రా షోరూమ్ మేనేజరు శ్యామ్ బాబు నమస్కరించి రాసుకుంటున్నది. మీ ఉత్తరం చూసేక ప్రాణం లేచొచ్చింది. కారు బాగుందని కాదండి, మీరు బాగున్నారని. కారు కూడా బాగానే ఉంది కదండి.

తొందరేం లేదు. కాకపోతే మా దగ్గర డెమో కారు అదొక్కటే. వచ్చినవాళ్ళకి గోడ మీద ఫొటో చూపిస్తున్నాను. నిన్న ఒకాయన ఫొటో ముందు చాలాసేపు నిలబడి, వెనకవైపు ఎలా ఉంటుందని అడిగేరు. రేపు రమ్మన్నాను.

మా ఏరియా మేనేజరు ప్రభాకరరావు గారు ఈ నెలాఖరులోగా ఒక్క కారైనా అమ్మకపోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని చెప్పేరు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని రాయడం లేదు. ఊరికే, తెలిసి ఉంటుందని రాసేను.

మీ మార్కుల పద్ధతి బాగుందండి. పోటీ కంపెనీ గురించి చెడు చెప్పడం నాకు అలవాటు లేదు. డెనిమోకి డిక్కీ చిన్నది. ఎత్తు తక్కువ. సన్‌రూఫ్ లేదు. వెనక కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి. అంతకు మించి నేనేమీ అనను.

మీకు వీలు చిక్కినప్పుడే పంపండి. మన కారే అనుకోండి.

తమ విధేయుడు,
శ్యామ్ బాబు

తా.క.: సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీయొద్దని బాబ్జీకి చెప్పండి.

*

మేడిలంక,
సోమవారం.

శ్యామ్ బాబు గారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ టీవీ లేదు, ఫోన్లు లేవు. ఎవరికి ఉత్తరం వచ్చినా చర్చిలో అందరి ముందూ చదువుతున్నాం. మీది రెండుసార్లు చదవమన్నారు. "మన కారే అనుకోండి" అన్న మాటకి ఊరంతా సంతోషించేరు. ఆ సంతోషంలో మొదట డిక్కీ తెరిచేరు.

డెనిమో మేనేజరు కూడా పడవలో ఒక ముక్క రాసి పంపేరు. కారుని ఎవరూ ముట్టుకోరాదట, గీత పడితే డబ్బు నా దగ్గర వసూలు చేస్తారట. అందుకని దాని మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ తాడు కట్టించేను. కోళ్ళు కూడా అటు వెళ్ళడం లేదు.

మీ కారుని మాత్రం అన్ని విధాలా పరీక్షిస్తున్నాం. పెట్రోలు అయ్యప్ప డబ్బాలతో తెస్తున్నాడు. ఊళ్ళో టార్చిలైట్లన్నీ దీని దగ్గరే చార్జింగు. పంచాయతీ మైకు తడిసిపోయింది కాబట్టి, బాబ్జీ సన్‌రూఫ్‌లోంచి నిలబడి గోదారి ఎంత వచ్చిందో కేకేసి చెబుతున్నాడు. గొంతు మంచిది. అది కారు గొప్ప కాదు కాబట్టి మార్కు వెయ్యలేదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. కరెంటు పోయి మా ఫ్రిజ్ ఆగిపోయింది. మా ఆవిడ ఇన్సులిన్ పాడైపోతుందని నేను భయపడ్డాను శ్యామ్ బాబు గారూ. మీ కారులో ముందు సీటు ఎదురుగా చల్లటి అర ఉందని బాబ్జీ చెప్పేడు. మందు అందులో పెట్టేం. ఊళ్ళో ఇంకో ముగ్గురు కూడా తెచ్చి పెట్టుకున్నారు. దానికి పదికి పది వేసేను.

ప్లాస్టిక్ కవర్ల సంగతి మీరు రాసేసరికి ఆలస్యమైంది. అవి అప్పటికే బియ్యం బస్తాల మీదకి వెళ్ళిపోయేయి. చుక్క నీరు దిగలేదు. మంచి సరుకు.

ఇట్లు,
దేవదానం

తా.క.: మరిచిపోయేను. మా పక్కింటి వీరలక్ష్మి వాళ్ళ రాణికి నిన్న మీ కారు డిక్కీలో ప్రసవమైంది. కవలలు. తల్లీ పిల్లలూ క్షేమం. మీకు దణ్ణాలు చెప్పమంది వీరలక్ష్మి. డిక్కీకి ఎనిమిది మార్కులు.

*

అమలాపురం,
మంగళవారం.

దేవదానం మాస్టారికి,

నమస్కారాలు. మీ ఉత్తరంలో తా.క. రెండుసార్లు చదివేనండి. మా ఆవిడ సుస్మిత అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా కార్లు అమ్ముతున్నాను, నా వల్ల ఒక ప్రాణానికి మేలు జరగడం ఇదే మొదలు.

అయ్యప్ప చేత రెండు గౌన్లు, రెండు ఊలు టోపీలు, సబ్బులు పంపుతున్నాను. బాలింత నడుం గట్టిపడ్డానికి తినే కాయం కూడా ఉంది. సుస్మిత వాళ్ళ అమ్మగారు స్వయంగా చేసేరు.

ఈ కబురు ప్రభాకరరావు గారికి ఫోన్లో చెప్పేను. ఆయన నన్ను మొదటిసారి "తమ్ముడూ" అన్నారు. హెడ్డాఫీసుకి చెప్పేరు. వాళ్ళు సాయంత్రానికల్లా "వరదలో కెస్ట్రా, డిక్కీలో కవలలు" అని ఫేస్‌బుక్‌లో పెట్టేసేరు. ప్రభాకరరావు గారు రేపే ఫొటోగ్రాఫరుని వెంటబెట్టుకుని పడవలో వస్తున్నారు. తల్లికి సన్మానం చేస్తారట. దయచేసి ఆవిణ్ణి నలుగురిలో కూర్చోబెట్టి అలసిపోనివ్వకండి.

కారు గురించి నేనేమీ అడగడం లేదు.

తమ విధేయుడు,
శ్యామ్ బాబు

తా.క.: రాణి గారు డిక్కీలోనే ఎందుకు పడుకున్నారండి? వెనక సీటు వాలుతుంది. బాబ్జీ చెప్పలేదా?

*

మేడిలంక,
గురువారం.

శ్యామ్ బాబు గారికి,

మీరు పంపిన బట్టలు అందేయి. మీది పెద్ద మనసు. గౌన్లు ముందు కాళ్ళకి సరిపోయేయి, వెనక కాస్త వదులు. టోపీల్లో ఒకటి తల్లి తినేసింది.

ప్రభాకరరావు గారు నిన్న వచ్చేరు. పట్టు శాలువా, చామంతి దండ తెచ్చేరు. "తల్లి ఎక్కడండి?" అని అడిగేరు. వీరలక్ష్మి చూపించింది. ఆయన వంగి చూసేరు.

"మేకా?" అన్నారు.

"ఆయ్" అంది వీరలక్ష్మి.

శాలువా మాత్రం కప్పేరు. పెద్దమనిషి, తెచ్చినది వెనక్కి తీసుకెళ్ళలేదు. దండ వేస్తే రాణి సగం తినేసింది, ఆ మిగతా సగంతో ఫొటో తీసేరు. భోజనానికి ఉండమంటే ఆకలి లేదన్నారు. కారు డిక్కీ తెరిచి, వాసన చూసి, మూసేసేరు. పడవ ఎక్కబోతూ మీ ఇంటి పేరేమిటని నన్నడిగేరు. మీ గురించి పైకి ఏదో మంచి రాస్తారనుకుంటాను.

గోదారి వరద తీస్తోంది. మార్కులు దాదాపు పూర్తయ్యేయి.

ఇట్లు,
దేవదానం

తా.క.: కాయం రాణి ముట్టలేదు. బాబ్జీ తిన్నాడు. నడుం నెప్పి తగ్గిందంటున్నాడు.

*

అమలాపురం,
శనివారం.

మాస్టారికి,

నమస్కారం. రాణి అంటే మేక అని ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది. మీ తప్పని అనను. నేనే అడగాల్సింది. ఇద్దరు పిల్లలు అంటే మనుషులే అనుకునే అలవాటు నాది.

హెడ్డాఫీసు వాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టినది తీసేసేరు. అప్పటికే సంగతి తెలిసి డెనిమో వాళ్ళు దాని కింద, మేకకి మేతట, ఆకు బొమ్మలు పెట్టేరు. ప్రభాకరరావు గారు ఇప్పుడు తమ్ముడూ అనడం లేదు. సోమవారంతో నెల ఆఖరు. ఆ రోజు నా కుర్చీ ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. నాకు కార్ల పని తప్ప ఇంకోటి రాదండి. ఇంట్లో సుస్మితకి ఇంకా చెప్పలేదు. చెప్పడానికి భయంగా ఉంది.

ఇన్నాళ్ళూ మొహమాటపడి తొందరేం లేదని రాసేను. తొందర ఉంది మాస్టారూ. మొదటి రోజు నుంచీ ఉంది. కాజ్‌వే తేలిందని పేపర్లో చూసేను. దయచేసి కారు పంపించెయ్యండి. నా చేతికి ఇచ్చినది నా చేతులతో అప్పజెప్పి పోతాను. అది మన కారు కాదండి. నాది కూడా కాదు. కంపెనీది.

మీరు ఏ కారు కొన్నా నేనేమీ అనుకోను.

శ్యామ్ బాబు

తా.క.: పిల్లలు పాలు బాగా తాగుతున్నాయా అని సుస్మిత అడుగుతోంది.

*

మేడిలంక,
ఆదివారం.

శ్యామ్ బాబు గారికి,

మీరు కారు పంపించెయ్యమన్నారు. అది కుదరదు. కారణం రాస్తాను, నిదానంగా చదవండి.

టార్పాలిన్ విప్పి డెనిమోకి మార్కులు వేసేను. గీత లేదు, మరక లేదు, కొత్త వాసన కూడా పోలేదు. తొంభై నాలుగు వచ్చేయి. మీ కెస్ట్రాకి తలుపు మీద కొమ్ము గీతలు, సన్‌రూఫ్ చుట్టూ బాబ్జీ మోచేతి మరకలు, డిక్కీలో వాసన. అన్నీ పోను నలభై ఒకటి. పరీక్ష పెట్టినవాడు మార్కులకి కట్టుబడాలి. డెనిమోకి అడ్వాన్సు పంపించేసేను.

ఇవాళ ఆరాధన అయ్యేక మీ ఉత్తరం చదివేను. మన కారు కాదు అన్నచోట అందరూ చర్చి కిటికీల్లోంచి కారు వైపు చూసేరు. "అయితే వెళ్ళిపోద్దా మాస్టారండీ?" అంది వీరలక్ష్మి. వెళ్ళాలన్నాను, మార్కులు కూడా చదివేను. అప్పుడు మా ఆవిడ లేచి నిలబడింది. పెళ్ళయినప్పటి నుంచీ నలుగురిలో నాకు ఎదురు చెప్పని మనిషి. "ఆ నలభై ఒకటీ నా ప్రాణం కాపాడేయి కదండీ. ఆ తొంభై నాలుగూ టార్పాలిన్ కింద పడుకున్నాయి" అంది. తర్వాత, వచ్చే వరదకి ఈ కారు ఊళ్ళో ఉండాలని ఆవిడే మొదట చెయ్యెత్తింది. వెనకాల చర్చంతా ఎత్తేసేరు. నేనొక్కణ్ణే ఎత్తలేదు. ఎత్తితే నా మార్కులకి విలువేముంటుంది?

కొత్తది ఇప్పిస్తానన్నాను. ఒద్దన్నారు. కొత్తది ముట్టుకోవడానికి భయం వేస్తుందట. ఈ కారే కావాలట, ఈ వాసనతోనే. వరద సాయానికని సంఘం దాచిన సొమ్ములోంచి చెక్కు రాసేం. మీరు డెమో కారుకి ఎంతంటే అంత అని అంకె వదిలేసేం. బాబ్జీ ఈ ఉత్తరంతో పాటు అది తెస్తున్నాడు. నెల రేపటిదాకా ఉంది. కుర్చీలోంచి లేవకండి. సుస్మితమ్మకి ఏమీ చెప్పొద్దు.

ఇట్లు,
దేవదానం

తా.క.: నా కొత్త డెనిమో బుధవారం ఇస్తారట. తెచ్చుకోడానికి అందరం ఊరి కెస్ట్రాలో వస్తాం. ఆ డెనిమోని ఇక్కడికి నడిపే మనిషే దొరకడం లేదు. గీత పడుతుందని అందరికీ భయం. బాబ్జీ అయితే చస్తే ముట్టనన్నాడు. మీరొచ్చి నడిపి పెట్టగలరా? భోజనం ఇక్కడే, రొయ్యలున్నాయి. మీకు వీలు కాకపోతే చెప్పండి, ప్రభాకరరావు గారిని అడుగుతాను.