డాక్టరు గారి బంగాళాదుంపల సూపు

సోమవారం

మామయ్య గారికి,

మీ అల్లుడు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీరూ అత్తయ్య గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇంటికి ఫోన్ చేస్తే అత్తయ్య గారు ఎత్తుతారు. ఆవిడకి తెలిస్తే మీ అమ్మాయికి తెలిసినట్టే. అందుకని మీ సబ్బుల ఫ్యాక్టరీ క్యాంటీను చిరునామాకి రాస్తున్నాను.

సంగతేమిటంటే, మీ అమ్మాయి ప్రేమ నవలలు చదువుతోంది. తను నడిపే బస్సులో డ్రైవరు సీటు వెనక సంచీలో ఒకటి, ఇంట్లో మంచం పక్కన ఒకటి ఎప్పుడూ ఉంటాయి. చదవనీండి, నా బాధ అది కాదు. మొన్న దుమ్ము దులుపుతూ ఒక పుస్తకం తెరిచాను. హీరో తన మనిషికి వండిపెట్టే ప్రతిచోటా నీలం పెన్సిలుతో గీత గీసి ఉంది. ఇంకోటి తీశాను. అందులోనూ అంతే. ముద్దు పెట్టుకునే చోట గీత లేదు. గుర్రం మీద ఎక్కించుకుపోయే చోట లేదు. ఉల్లిపాయ తరిగే చోట మాత్రం రెండు గీతలున్నాయి.

నా సంగతి మీకు తెలియనిది కాదు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసేవాణ్ణి. పెళ్ళయిన ఈ ఎనిమిది నెలల్లో వంటింట్లో నేను చేసిన ఘనకార్యం సీసాల్లో మంచినీళ్ళు నింపడం. ఈ కాగితం నిండింది, మిగతాది రెండోదాని మీద రాస్తున్నాను.

ఆమెకి అందరికంటే నచ్చినవాడు ఒక డాక్టరు. ఆమె అలిసిపోయి ఇల్లు చేరేసరికి ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, బంగాళాదుంపల సూపు కాచి, చెంచాతో నోటికి అందిస్తాడు. ఆ సంగతి తలుచుకుని మీ అమ్మాయి తనలో తాను నవ్వుకోవడం నా కళ్ళతో చూశాను. నాకు కడుపు మండిపోతోంది. ఆయనకంటే నేనెందులో తక్కువ? మీరు ముప్పై ఏళ్ళుగా గరిటె పట్టినవారు. ఆ సూపు ఎలా చెయ్యాలో రాసి నా కాపురానికి కాస్త సాయపడండి.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: చిటికెడు అంటే ఎన్ని గ్రాములో కూడా రాయగలరు.

గురువారం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవించి రాస్తున్నది. నీ ఉత్తరం సరిగ్గా పన్నెండింటికి, నాలుగొందల మంది కంచాలు పట్టుకుని నిలబడ్డప్పుడు వచ్చింది. విప్పుతుంటే మొదటి కాగితం జారి చిక్కుడు గింజలు ఉడికే బానలో పడింది. తెడ్డుతో పైకి తీసేసరికి ఒక్క అక్షరం మిగల్లేదు. రెండో కాగితం చదివాను. చదివి ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాను.

బాబూ, మా అమ్మాయి అలాంటిది కాదు. డాక్టర్ల సంగతి నాకు తెలియదు. అయినా చెంచాతో నోటికి అందించడమేమిటి? ఆయనకి వేరే రోగులు లేరా? ఆయన ఏ ఆసుపత్రిలో పనిచేస్తాడో, ఏ వేళకి దొరుకుతాడో వెంటనే రాయి. నా తెడ్డు అయిదడుగులుంటుంది.

నువ్వు మాత్రం తొందరపడి అమ్మాయిని ఒక్క మాట అనకు. సూపులో మనల్ని కొట్టగల డాక్టరు ఇంకా పుట్టలేదు. బంగాళాదుంపలు నలభై కిలోలు, ఉల్లిపాయలు ఎనిమిది కిలోలు, వెన్న నాలుగు కిలోలు. ఉల్లిపాయలు వెన్నలో మెత్తబడ్డాక దుంపలు వేసి, నీళ్ళు పోసి, సన్నసెగ మీద రెండు గంటలు ఉంచాలి. ఉప్పు చివర్లో. ఇది నాలుగొందల మందికి. మీరిద్దరే కాబట్టి లెక్క కట్టుకుని తగ్గించుకో. నీది కొలతల ఉద్యోగమేగా.

ధైర్యంగా ఉండు.

మీ మామయ్య

తా.క.: చొక్కా చేతులు మడవకు. వెన్న చిందితే మోచేతుల దాకా బొబ్బలెక్కుతాయి. ఆ డాక్టరు వంటే చెయ్యడం లేదని నా అనుమానం.

ఇంకో తా.క.: బానలో పడ్డ కాగితంలో ముఖ్యమైనదేమీ లేదనుకుంటాను. గింజలకి కొంచెం నీలం రంగు వచ్చింది గాని ఎవరూ వదిలిపెట్టలేదు.

ఆదివారం

మామయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ముఖ్యమైనదంతా ఆ బానలో పడిన కాగితంలోనే ఉంది. ఆ డాక్టరు నిజం మనిషి కాడు, నవలలో హీరో. మీ అమ్మాయి పుస్తకం చదువుతోంది, అంతే. దయచేసి తెడ్డు పట్టుకుని బయల్దేరకండి.

ఇక సూపు సంగతి. మీ లెక్కంతా రెండొందలతో భాగించాను. దుంపలు రెండొందల గ్రాములు, ఉల్లిపాయలు నలభై, వెన్న ఇరవై. షాపులో తూకం మెషీను మీద తూచి, పొట్లాలు కట్టి తెచ్చుకున్నాను. వండే సమయం కూడా అలాగే భాగించాను. రెండు గంటలంటే ఏడువేల రెండొందల సెకన్లు, ఇద్దరికి ముప్పై ఆరు సెకన్లు వచ్చింది. గడియారం చూసి సరిగ్గా ముప్పై ఆరో సెకనులో దించేశాను.

మీ అమ్మాయి మూడింటికి డ్యూటీ దిగి వచ్చింది. కూర్చోబెట్టి, డాక్టరు గారిలాగే చెంచా నోటి దాకా తీసుకెళ్ళాను. ఆమె నా మొహం వంక, చెంచా వంక చూసి, "నా చేతులకేమైంది?" అంది. తర్వాత తనే తీసుకుని ఒక ముక్క కొరికింది. ఆ చప్పుడు పక్క గదిలోకి వినిపించి ఉంటుంది. ఇది ఏం దుంప అని అడిగింది. చెప్పాను. ఇంకో రెండు ముక్కలు ఓపిగ్గా నమిలి, యూనిఫాం ఉతుక్కోవాలని లేచి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి డిపో క్యాంటీనులోనే తినేసి వస్తోంది. నాకు మొహం చెల్లడం లేదు.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: చిటికెడు సంగతి మీరు రాయలేదు. నా వేళ్ళతో ఆరుసార్లు ఉప్పు తీసి తూచాను. ఆరుసార్లూ వేరే బరువు వచ్చింది. వీటిలో ఏది తీసుకోమంటారు?

బుధవారం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవెనలు. డాక్టరు కాగితం మీది మనిషని తెలిశాక ఇన్నాళ్ళకి నాకు అన్నం సయించింది. ఆ ఆనందంలో ఇవాళ క్యాంటీనులో అందరికీ ఒక్కొక్క గుడ్డు ఎక్కువ వేశాను. మేనేజరు ఎందుకని అడిగితే, మా ఇంట్లో డాక్టరు పోయాడని చెప్పాను. ఆయన సంతాపం తెలిపాడు.

అయితే బాబూ, సమయాన్ని ఎవరైనా భాగిస్తారా? దుంప ఒకటున్నా వెయ్యి ఉన్నా ఉడకాల్సినంతసేపు ఉడకాల్సిందే. తినేవాళ్ళు ఎందరో నిప్పుకి తెలియదు. సూపు వదిలెయ్. ఆమ్లెట్టు వెయ్యి. నాలుగు గుడ్లు, ఒక ఉల్లిపాయ, రెండు చిటికెళ్ళ ఉప్పు. మళ్ళీ తూచావంటే ఊరుకోను.

ఇంకో మాట. ఈ వంటచేసే హీరోల గోల నాకు అర్థం కాదు. నేను ముప్పై ఏళ్ళుగా వండుతున్నాను, నన్ను ప్రేమించి ఎవరూ నవల రాయలేదు. పైగా ఇంటికి వచ్చాక గరిటె ముట్టనని నాకొక నియమం. ఇంట్లో కూడా గరిటె పట్టుకుంటే ఇక డ్యూటీ దిగినట్టు ఎలా తెలుస్తుంది? మీ అత్తయ్య వండుతుంది, నేను తింటాను. మా కాపురం నిక్షేపంలా నడవలేదూ? ఆ డాక్టరు పుస్తకం ఒకసారి నాకు పంపు. కళ్ళ నీళ్ళు రాకుండా ఉల్లిపాయ ఎలా తరిగాడో చూడాలి.

మీ మామయ్య

తా.క.: మీ అత్తయ్యకి ఇదేదీ చెప్పలేదు. పాపం, రోజంతా కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ప్రేమ నవలంటే ఆవిడకి వాసన కూడా తెలియదు.

ఆదివారం

మామయ్య గారికి నమస్కారాలు.

ఆమ్లెట్టు కుదిరింది. మిగతాదంతా చెడింది.

నవలలో డాక్టరు కొవ్వొత్తులు వెలిగిస్తాడు కదా అని నేనూ కిటికీ పరదాలు దించి నాలుగు వెలిగించాను. మీ అమ్మాయి తలుపు తీసి, కరెంటు పోయిందనుకుని తిన్నగా ఫ్యూజు దగ్గరికి వెళ్ళింది. బతిమాలి తెచ్చి కూర్చోబెట్టాను. ఆమ్లెట్టు మొత్తం తింది. బాగుందని కూడా అంది. నాకు ధైర్యం వచ్చి, పుస్తకంలో గీతలు గీసిన వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. నీ మనసులో మాట నాకు తెలిసిపోయింది, ఇక రోజూ నేనే వండుతాను అన్నాను.

ఆమె కంచం పక్కకి జరిపింది. ఆ గీతలు తను గీయలేదంది. మరి ఎవరు గీశారన్నాను. చెప్పనంది. ఎందుకు చెప్పవన్నాను. "మాటిచ్చాను. నన్ను అడక్కు," అంది.

మామయ్య గారూ, ఎవరో తనకి నచ్చిన చోటల్లా గీతలు గీసి మరీ మీ అమ్మాయికి పుస్తకాలు పంపుతున్నారు. అవి డిపోకి పార్సిలులో వస్తాయట, గుడ్డ ముక్కల్లో చుట్టి. ఆ పంపేవారి పేరు బయటపెట్టనని ఆమె మాటిచ్చిందట. మొన్న మీరు పడిన బాధ ఇప్పుడు నాకు మొదలైంది. రెండు రోజులుగా మా ఇంట్లో మాటల్లేవు. ఆమె "తలుపు" అంటుంది, నేను "వేశాను" అంటాను. నిన్న వంటింట్లో ఎదురుపడి ఇద్దరం ఒకేసారి పక్కకి జరిగాం. ఆ తర్వాత నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు.

డాక్టరు పుస్తకం ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. మీరు పెద్దవారు, నలుగురిని చూసినవారు. ఆ గీతలు ఎవరివో మీకేమైనా తోస్తే నాకు రాయండి. మంచైనా చెడైనా వింటాను.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: ఈ గొడవలో పడి ఒక పెద్దాయన కుడికంటి అద్దం ఎడమకి, ఎడమకంటిది కుడికి బిగించాను. ఇన్నాళ్ళకి లోకం స్పష్టంగా కనిపిస్తోందని ఆయన నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

శుక్రవారం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం అందగానే, మిగతాది చదవకముందే, వెళ్ళి మా అమ్మాయికి క్షమాపణ చెప్పి వచ్చి కూర్చో. చెప్పావా? సరే.

పుస్తకం మంగళవారం అందింది. ఆ గీతలు గీసినవాణ్ణి పట్టుకోవాలని ఇంటికి తెచ్చుకుని, బల్ల మీద పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మీ అత్తయ్య గోడవైపు తిరిగి మిషను కుడుతోంది. చదివేకొద్దీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆగలేక పైకే అనేశాను, ఇదేం డాక్టరు, నూట పన్నెండో పేజీలో మూత పెట్టకుండా సూపు కాస్తున్నాడు అని.

మీ అత్తయ్య తల ఎత్తలేదు, మిషను ఆపలేదు. "నూట పన్నెండు కాదు, నూట పద్నాలుగు," అంది.

చూసుకున్నాను. నూట పద్నాలుగే. అప్పుడు మిషను ఆగింది.

గీతలు ఆవిడవే బాబూ. గుడ్డ మీద కొలతలకి గీసుకునే పెన్సిలు అది. నా కళ్ళెదుటే ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ పదకొండేళ్ళుగా ఈ నవలలు చదువుతోందట. నాకు తెలిస్తే ఫ్యాక్టరీ అంతా చెప్పి నవ్వుతానని, చదవడం అయిన వెంటనే అమ్మాయి డిపోకి పంపించేస్తుందట. ఎవరికీ చెప్పనని దానిచేత ఒట్టు వేయించుకుందట. వంట చేసేచోటే ఎందుకు గీశావని అడిగాను. చేతిలో దారం చుట్టుకుంటూ, "ముప్పై ఏళ్ళుగా నాలుగొందల మంది తింటున్నారు. మీ చేతి వంట నేనొక్కదాన్నే తినలేదు," అంది.

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. మామూలుగా అంది. లేచి వంటింట్లోకి వెళ్ళాను.

అక్కడ నా పరువు పోయింది. నా ఇంట్లో ఉప్పు ఎక్కడుందో నాకు తెలియదు. ఉప్పుకోసం ఒకసారి, కత్తికోసం ఒకసారి, అగ్గిపెట్టెకోసం ఒకసారి ఆవిణ్ణే పిలిచాను. నా చేతికి చిన్న వంట రాదు. ఇద్దరికని సూపు మొదలుపెడితే, రెండు గిన్నెలు, ఒక బకెట్టు నిండాయి. మెట్ల పొడుగునా ఉన్న అయిదు ఇళ్ళకీ పంచిపెట్టాం. అమ్మాయి పుట్టిందని తెలిసిన రోజున కూడా అంత మందిని పలకరించలేదు.

మీ అత్తయ్య మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. నేను గిన్నె పట్టుకుని, మొదటిరోజు ఉద్యోగానికి వచ్చినవాడిలా నిలబడ్డాను. చివరికి, ఫ్యాక్టరీవాళ్ళు ముప్పై ఏళ్ళుగా తింటున్నది ఇదేనా అని అడిగింది. అది మెచ్చుకోలో కాదో నాకింకా తేలలేదు. కాని రెండోసారి పోయించుకుంది. మూడోసారి నేను అడక్కుండానే పోశాను, వద్దనలేదు. ఇకనుంచి ప్రతి మంగళవారం నాదే వంట అని ఒప్పుకున్నాను.

మర్నాడు మీ అత్తయ్య అమ్మాయికి ఫోన్ చేసి ఒట్టు తీసేసింది. అమ్మాయి చెప్పిందట, నవలలో వంట వచ్చినచోట తను పేజీలు తిప్పేస్తుందట, బస్సు నడిపేటప్పుడు ఆకలేస్తుందని. నవ్వుకున్నది డాక్టరుని తలుచుకుని కాదట, వాళ్ళమ్మ గీతలు చూసి.

ఇద్దరూ చల్లగా ఉండండి.

మీ మామయ్య

తా.క.: పుస్తకం ఇంకో వారం నా దగ్గరే ఉంటుంది. ఆ పిల్ల డాక్టరుని చేసుకుంటుందో లేదో తేలకుండా మధ్యలో ఎలా పంపను?

ఇంకో తా.క.: ముఖ్యమైనది మరిచాను. వంట చెయ్యడం అమ్మాయికి ఇష్టమేనట. గిన్నెలు తోమడమే ప్రాణం మీదికి వస్తుందట. ఆ సంగతి పెళ్ళయిన రెండో రోజే నీకు చెప్పిందట, నువ్వు ఏదో అద్దం తుడుస్తూ ఊఁ కొట్టావట. నేను ఇప్పటిదాకా చదివినంతలో వెతికాను. డాక్టరు తొమ్మిదిచోట్ల వండాడు, ఒక్క గిన్నె తోమలేదు. నీకు పోటీ లేదు బాబూ, చొక్కా చేతులు మడుచుకుని దిగు. ఈసారి మడవచ్చు.