మేడ మీద ఇద్దరే

మొయినాబాద్,
12 ఆగస్టు 2007.

చిరంజీవి విజయరాణికి,

మీ బాపు దీవించి రాయునది. ప్రభువు దయవల్ల నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, కేకలేసే గొంతు మాత్రం తగ్గలేదు. నర్సింగ్ పరీక్షలు బాగా రాశావని సంతోషపడ్డాం. హాస్టల్ కూర సయించకపోతే అమ్మ పచ్చడి పంపుతానంటున్నది.

మేడ మీది నీలవేణి అక్క ఎందుకు ఖాళీ చేసిందని అడిగావు. గచ్చిబౌలి ఆఫీసు దూరమైందని ఫోన్లో చెప్పాను. అది అబద్ధం బిడ్డా.

నా పద్ధతి నీకు తెలుసు. బోరులో నీళ్ళు తక్కువని, మేడ మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉండాలన్నాను. నెలకోసారి గోడలూ నల్లాలూ చూడడానికి పోయేవాణ్ణి. శనివారమే చెప్పి, ఆదివారం చర్చి నుంచి రాగానే. చెప్పకుండా కిరాయిదార్ల గడప తొక్కనని ఎంత గొప్పలు పోయేవాణ్ణో! ఈమధ్య పోయినప్పుడల్లా స్నానాలగది తలుపు మూసే ఉండేది. "మా ఆయన తానం చేస్తున్నడు అంకుల్" అనేది నీలవేణి. "ఇంతసేపు తానమా, పెండ్లికొడుకా ఏంది?" అని నవ్వి దిగొచ్చేవాణ్ణి.

పోయిన నెల ఒక మంగళవారం మన వంటింటి కప్పు నుంచి నీళ్ళు కారాయి. వాళ్ళిద్దరూ ఆఫీసుకు పోయారు. తలుపు కొట్టి, మారు తాళంచెవితో తీసి స్నానాలగదిలోకి పోయాను. పగిలిన గొట్టం పక్కన, బోర్లించిన బకెట్ మీద ఒక ముసలామె కూర్చొని ఉన్నది. చెప్పులు ఒడిలో పెట్టుకున్నది.

"ఇయ్యాల ఐతారమా సారు? నా బిడ్డ నీలవేణి చెప్పనే లేదు. జర కోపం చెయ్యకు. నేను రెండు చెంబులతోనే తానం చేస్త" అన్నది. పేరు రామమ్మ. నాలుగు నెలలుగా మన నెత్తి మీదే ఉన్నదట, అడుగు చప్పుడు రానివ్వకుండా.

నీళ్ళు కట్టేసి దిగొచ్చాను. ఉండమనాలనే ఉన్నది, కానీ నన్ను మోసం చేశారన్న రోషం. ఆదివారం పోయి నాలుగు మాటలు అని, ఆ తర్వాత ఉండమందామనుకున్నాను. శనివారం పొద్దున్నే సామాన్ల ఆటో వచ్చింది. "తప్పయింది అంకుల్" అని నీలవేణి తాళంచెవి నా చేతిలో పెట్టింది. అప్పుడైనా ఉండమని నేను అనొచ్చు కదా! తాళంచెవి జేబులో వేసుకొని లోపలికి పోయాను.

తర్వాత ఖాళీ ఇల్లు చూడడానికి పోయాను. అంతా కడిగి పెట్టారు. స్నానాలగది గోడకు, కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, నూనె మరక ఉన్నది. రుద్దినట్టున్నారు, పోలేదు. నెలకోసారి కూర్చుంటే అంత మరక పడదు బిడ్డా. మెట్ల మీద చప్పుడైన ప్రతిసారీ రామమ్మ అక్కడికే పోయి కూర్చొని ఉంటుంది. నాకు ఏడుపు ఆగలేదు.

నేను ఫోన్ చేస్తే నీలవేణి ఎత్తడం లేదు. నువ్వు చెయ్యి. ఇల్లు ఎవరికీ ఇయ్యలేదని చెప్పు. ఐతారం నాడు కూడా ముందు గదిలోనే కూర్చోవచ్చని రామమ్మకు చెప్పమను.

ఇట్లు,
ఆ ఒక్క మాట అనలేకపోయిన
మీ బాపు,
మల్లప్ప