ఎర్ర రొయ్య

రాజమండ్రి, జులై 2001, బుధవారం రాత్రి

ఇవాళ భీమవరం దగ్గర పల్లె నుంచి ఒక ఆరో తరగతి పాప రాసిన పోస్టుకార్డు వచ్చింది. పిల్లల కోసం నేను రాసిన జలచరాల పుస్తకం వాళ్ళ బడిలో చెబుతున్నారట.

"మీ పుస్తకంలో రొయ్య ఎర్రగా ఉందండి. మా చెరువులో రొయ్యలు బూడిద రంగులో ఉంటాయండి. ఉడికాకే ఎర్రబడతాయి. పరీక్షలో అలా రాస్తే మా టీచర్ తప్పు కొట్టారండి."

అట్ట మీద బొమ్మ చూసిన రోజే నేనూ ఇదే చెప్పాను. "బూడిద రంగు వేస్తే పిల్లలు ముట్టుకుంటారా మేడమ్?" అని పబ్లిషర్ గారు నవ్వేశారు. మొదటి పుస్తకం, ఎక్కడ ఆగిపోతుందోనని ఊరుకున్నాను.

సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను. "రెండో ముద్రణ కూడా స్కూళ్ళకి వెళ్ళిపోయిందండీ. ఆ కార్డు సంగతి వదిలేయండి," అన్నారు.

ఎలా వదిలేయను? నువ్వు రాసిందే నిజమని జవాబిస్తే ఆ ఉత్తరం టీచర్ చేతికి, అక్కణ్ణుంచి పబ్లిషర్ గారి చేతికి వెళ్తుంది. అచ్చుకిచ్చిన నా రెండో పుస్తకం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. జవాబివ్వకపోతే ఆ పాప తన కళ్ళని నమ్మడం మానేస్తుందేమో. ఇన్‌లాండ్ లెటర్ మీద "చిరంజీవి" అని రాసి ఆగిపోయాను...

కార్డు చివర ఇరికించి ఇంకో మాట రాసింది. "మీరు బతికున్న రొయ్యని ఎప్పుడైనా చూశారా అండి?"

చిన్నప్పుడు మా నాన్న కాలవలో వల లాగితే, ఎగిరెగిరి పడే రొయ్యల్ని గంపలోకి ఏరింది నేనే. చూడలేదని రాస్తే, పాపం తెలియదు కదా అని ఆ పాప నన్ను క్షమించేస్తుంది.